ఏది మేలు చేసింది? చెప్పాల్సింది బాధితులే

చల్లపల్లి: ఇంట్లో ఒకరి మనసు చెదిరితే తొలుత గుర్తొచ్చేది వైద్యుడు కాదు. గుడి, దర్గా, తాయెత్తు, నాటు మందు. ఆపై ఎవరో చెప్పిన యోగా. చివరకు బందరుకో, విజయవాడకో ప్రయాణం. దివిసీమ పల్లెలకు ఈ వరస కొత్త కాదు. వీటిలో ఏది ఊరటనిచ్చింది? ఏది డబ్బు, కాలం హరించింది? ఆ లెక్క ఆసుపత్రి దస్త్రాల్లో దొరకదు. తెలిసింది బాధితులకే.

అందని చికిత్స

నిమ్హాన్స్ 2015-16లో 12 రాష్ట్రాల్లో జరిపిన జాతీయ సర్వే ప్రకారం పెద్దల్లో 10.6 శాతం మంది ఏదో ఒక మానసిక రుగ్మతతో బాధపడుతున్నారు. రుగ్మతను బట్టి 70 నుంచి 92 శాతం మందికి చికిత్స అందడం లేదు. ఆ 12 రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు. వైద్యం అందని వారంతా ఏదో ఒక ఆసరా వెతుక్కుంటూనే ఉంటారు. అదేమిటన్నదే అసలు ప్రశ్న.

రోగులే పరిశోధకులు

బ్రిటన్‌లో మెంటల్ హెల్త్ ఫౌండేషన్ 1997 నుంచి ఈ ప్రశ్నను బాధితుల చేతికే ఇచ్చింది. ప్రశ్నలు రూపొందించి, తోటివారిని కలిసి, జవాబులు విశ్లేషించింది మానసిక వేదన అనుభవించినవారే. 2000లో వెలువడిన నివేదిక కోసం 71 మందితో సవివరంగా మాట్లాడారు. మందులు, వ్యాయామం, దైవభక్తి, కళలు... అన్నీ ప్రస్తావనకు వచ్చాయి. అన్నింటికంటే మిన్నగా నిలిచింది సాటి మనిషి తోడు.

మన దేశంలో ఈ బాట పట్టింది పుణెలోని బాపు ట్రస్టు. స్వయంగా మానసిక వేదనను చవిచూసిన భార్గవి దావర్ 1999లో దీన్ని స్థాపించారు. పశ్చిమ మహారాష్ట్రలో జనం ఊరట కోసం వెళ్లే క్షేత్రాలనూ ఈ సంస్థ అధ్యయనం చేసింది.

నమ్మకం.. సంకెళ్లు

తమిళనాడులోని ఒక గుడిలో ఆశ్రయం పొందిన 31 మందిని వైద్యులు పరిశీలించి 2002లో ఫలితాలు ప్రకటించారు. లక్షణాల తీవ్రత దాదాపు 20 శాతం తగ్గింది. బెదిరింపులు లేని నీడ, వెంట ఉన్న కుటుంబం ఇందుకు తోడ్పడ్డాయని భావించారు. అదే రాష్ట్రంలోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న జరిగిన అగ్నిప్రమాదంలో 28 మంది రోగులు మరణించారు. గొలుసులతో కట్టేయడంతో తప్పించుకోలేకపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం రోగులను గొలుసులతో బంధించడాన్ని నిషేధించింది. ప్రత్యామ్నాయాలను గుడ్డిగా నమ్మడమూ, గుడ్డిగా తోసిపుచ్చడమూ రెండూ చేటే. అనుభవించినవారి సాక్ష్యమే మంచిచెడ్డలను విడదీయగలదు.

ఇక్కడ సాధ్యమేనా?

పెద్ద నిధులు అక్కర్లేదు. కోలుకున్నవారు, వారి కుటుంబసభ్యులు ఒక బృందంగా ఏర్పడాలి. ఏం ప్రయత్నించారు, ఎంత ఖర్చయింది, ఏది మేలు చేసింది, ఏది హాని చేసింది అని అడిగి రాసుకోవాలి. పేర్లు గోప్యంగా ఉంచాలి. ఆశా కార్యకర్తలు దారి చూపితే, మానసిక వైద్యుడు సలహాదారుగా ఉంటే చాలు. ఊరి పని ఊరివారే చేసుకోగలరని 2014లో మొదలైన ‘స్వచ్ఛ చల్లపల్లి’ ఇప్పటికే చాటింది.

ఒక హెచ్చరిక తప్పనిసరి. ఏ పద్ధతి నచ్చినా వైద్యుడిని అడగకుండా మందులు ఆపరాదు. 2022 అక్టోబరులో ప్రారంభమైన ‘టెలి మానస్’ 14416 నంబరుకు ఎప్పుడైనా ఉచితంగా ఫోన్ చేయవచ్చు. వైద్యుడు వ్యాధిని గుర్తిస్తాడు. దానితో రోజులు ఎలా గడపాలో తెలిసింది మాత్రం బాధితుడికే. ఆ అనుభవాన్ని ఆలకించే ఏర్పాటు మండల స్థాయిలోనే మొదలుకావాలి.