లడ్డూలు ఎన్ని, కథ ఎంత?

మూడో తరగతిలో ఘటోత్కచుడి విందు ఆట ఇలా సాగుతుంది. ఒకరికి అట్టముక్కతో చేసిన కిరీటం పెడతారు. ఇంకో ముగ్గురు అతని శిష్యులు చిన్నమయ్య, లంబు, జంబు. బల్ల మీద ఏడు విస్తళ్లు, విస్తరికి ఆరేసి లడ్డూలు. లడ్డూలంటే మట్టి ఉండలో, కాగితం ఉండలో. ఘటోత్కచుడు వచ్చీ రాగానే పదిహేను మింగేశాడు. మిగిలినవి శిష్యులు ముగ్గురూ కొట్టుకోకుండా పంచుకోవాలి. ఎవరి వాటా ఎంత? ఎక్కాలు సరిగా రాని పిల్లవాడు కూడా ఉండల్ని మూడు కుప్పలు పోసి, లెక్కపెట్టి, తొమ్మిది అని అరుస్తాడు.

మర్నాడు అదే లెక్క కాగితం మీదికి వస్తుంది. ఒక దుకాణంలో 7 పెట్టెలు కలవు. ఒక్కొక్క పెట్టెలో 6 పెన్సిళ్లు ఉన్నవి. వాటిలో 15 అమ్మగా, మిగిలిన వాటిని ముగ్గురికి సమానంగా పంచిన ఒక్కొక్కరికి ఎన్ని వచ్చును? అంకెలు అవే, చెయ్యాల్సిన పనీ అదే. నిన్న అరిచిన పిల్లల్లో కొందరు ఇవాళ పెన్సిలు కొరుకుతూ కూర్చుంటారు.

ఆట పక్షం వాళ్లు లోపం కాగితంలో ఉందంటారు. పలక పక్షం వాళ్లు నిన్న పిల్లలు నేర్చుకున్నది విందే తప్ప లెక్క కాదంటారు. ఈ తగాదాలో ఎవరినీ అంత తేలిగ్గా తోసిపుచ్చలేం.

ముందు కాగితం సంగతి చూద్దాం. 1980ల మొదట్లో అమెరికా జాతీయ పరీక్షలో పదమూడేళ్ల పిల్లలకు ఒక లెక్క ఇచ్చారు. సైన్యం బస్సులో 36 మంది పడతారు, 1,128 మంది సైనికుల్ని తీసుకెళ్లాలి, బస్సులు ఎన్ని కావాలి? వందకు 70 మంది భాగహారం సరిగానే చేశారు. చేసినవాళ్లు జవాబులో ఏం రాశారన్నది అసలు విషయం. వందకు 29 మంది “31, శేషం 12” అన్నారు. శేషం పన్నెండుగా నడిచే బస్సు ఏ డిపోలోనూ దొరకదు. 18 మంది 31తో సరిపెట్టి, పన్నెండు మంది సైనికుల్ని రోడ్డు మీదే వదిలేశారు. 32 అన్నవాళ్లు 23 మందే. ఇంచుమించు ఆ రోజుల్లోనే ఫ్రాన్స్‌లోని గ్రెనోబుల్‌లో ఇంకో తమాషా జరిగింది. ఓడలో 26 గొర్రెలు, 10 మేకలు ఉన్నాయి, కెప్టెన్ వయసెంత అని అడిగితే, 97 మంది పిల్లల్లో 76 మంది ఆ అంకెలతోనే ఏదో ఒక లెక్క చేసి వయసు తేల్చేశారు.

వీళ్లు మందబుద్ధులేం కాదు. పద సమస్యలోని వాక్యాల్ని నమ్మకూడదని బడిలో బాగా నేర్చుకున్నవాళ్లు. మనమూ ఆ విద్యే నేర్పుతున్నాం. “మొత్తం” కనిపిస్తే కూడు, “మిగిలినవి” కనిపిస్తే తీసెయ్, “ఒక్కొక్కరికి” ఉంటే భాగించు. ట్యూషన్లలో ఈ చిట్కాలకు ఉన్న గిరాకీ అంతా ఇంతా కాదు. రాము దగ్గర 8 గోళీలున్నాయి, అవి సీత దగ్గరున్న వాటికంటే 3 ఎక్కువ, సీత దగ్గర ఎన్ని అని అడిగి చూడండి. “ఎక్కువ” అనేది చెవిన పడగానే 11 అనేవాళ్లు తేలతారు. సీతకి రాముకంటే ఎక్కువ గోళీలు ఎలా వచ్చాయన్న అనుమానం వాళ్లకి రాదు, ఎందుకంటే అక్కడ రామూ లేడు, సీతా లేదు. ఆటలో అలా కుదరదు. కుర్చీలు వరసగా వేసి బస్సు ఆట ఆడుతుంటే ఎక్కడానికి చోటు లేని పిల్లవాడు గోల చేస్తాడు. శేషం నోరు తెరుచుకుని ఎదురుగా నిలబడుతుంది.

కల్పన పిల్లల ఆలోచనకి ఊతమిస్తుందనడానికి ఇంతకంటే పాత సాక్ష్యం స్కాట్లండ్ నుంచి ఉంది. రెండు వరసల్లో సమానంగా బిళ్లలు పేర్చి, ఒక వరసని ఎడంగా జరిపితే, చిన్నపిల్లలు పొడుగ్గా ఉన్న వరసలోనే ఎక్కువున్నాయంటారని మనస్తత్వవేత్త పియాజే చెప్పాడు. 1970లలో స్కాట్లండ్ పరిశోధకులు మెక్‌గారిగల్, మార్గరెట్ డొనాల్డ్‌సన్ ఆ పరీక్షలోకి ఒక అల్లరి ఎలుగుబంటి బొమ్మని దింపారు. పెద్దవాళ్లు వరసని కావాలని జరిపినప్పుడు నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో 80 మందికి 13 మందే సమానమన్నారు. పెట్టెలోంచి తప్పించుకొచ్చిన ఎలుగు ఆ వరసని చెదరగొట్టినప్పుడు 50 మంది అదే మాట అన్నారు. పెద్దవాళ్లు జరిపి మళ్లీ అడిగితే, ఏదో మారిందని చెప్పించడానికే అడుగుతున్నారని పిల్లలు అనుకుంటారు. ఎలుగు చేస్తే అది వట్టి అల్లరి.

1988లో డయాస్, హారిస్ అనే పరిశోధకులు ఇంకో అడుగు వేశారు. పిల్లులన్నీ మొరుగుతాయి, రెక్స్ ఒక పిల్లి, రెక్స్ మొరుగుతుందా అని మామూలుగా అడిగితే, పిల్లులు మొరగవని పసివాళ్లు వాదిస్తారు. ఇదంతా వేరే లోకంలో జరిగిందని కథలా మొదలెడితే మాత్రం మొరుగుతుందని తర్కబద్ధంగా చెప్పేస్తారు. ఇది చిన్న విషయం కాదు. 1930లలో మధ్యాసియా పల్లెల్లో మనస్తత్వవేత్త లూరియా ఎలుగుబంట్ల రంగు గురించి ఇలాంటి ప్రశ్నలు వేసినప్పుడు, బడి ఎరగని రైతులు నేను చూడని ఎలుగుబంటి రంగు నన్నెందుకు అడుగుతావని తిప్పికొట్టారు. పద సమస్య చెయ్యాలంటే ముందు “అనుకుందాం” అనే మాటకి ఒప్పుకోవాలి. ఒప్పుకుని, ఆ అనుకున్నదాని హద్దులు దాటకుండా ఆలోచించాలి. వంటలాటలో, పెళ్లిళ్ల ఆటలో పిల్లలు రోజూ చేసేది అదే. వట్టి సరదా కోసం ఆట పెడతారనుకునేవాళ్లు దీన్ని గమనించరు.

ఇంతవరకూ చదివి కిరీటాలు కత్తిరించడానికి లేచిన టీచర్లు ఒక్క నిమిషం ఆగాలి. ఆ అల్లరి ఎలుగుబంటి బొమ్మ కథ అక్కడితో అయిపోలేదు. 1986లో మరో ఇద్దరు పరిశోధకులు అదే బొమ్మతో, వరసలోని బిళ్లల సంఖ్యే నిజంగా మారిపోయేలా అల్లరి చేయించారు. అప్పుడూ చాలామంది పిల్లలు ఏమీ మారలేదనే అన్నారు. అంటే మొదటిసారి సరైన జవాబు చెప్పినవాళ్లలో కొందరు బిళ్లల్ని చూడనే లేదేమో, ఎలుగుని చూస్తూ కూర్చున్నారేమో! సందడి మధ్యలో వచ్చిన సరైన జవాబుకి ఎంత విలువ కట్టాలో తేల్చడం కష్టం. ఘటోత్కచుడి విందులో తొమ్మిది అని అరిచిన గొంతుల్లో పక్కవాడి గొంతుని అందుకున్నవి ఎన్నో కూడా మనకి తెలియదు.

2009లో వచ్చిన ఒక అధ్యయనం ఈ తగాదాని ఇంకా చిక్కున పడేసింది. డబ్బు లెక్కలు చేసేటప్పుడు పెద్ద ప్రాథమిక తరగతుల పిల్లలకు అచ్చం నిజమైన వాటిలా కనిపించే నోట్లు, నాణేలు ఇచ్చారు. అవి లేని పిల్లలకంటే వీళ్లు ఎక్కువ తప్పులు చేశారు. కాకపోతే ఆ తప్పుల తీరు వేరు. లెక్క అర్థంకాక చేసే తప్పులు తగ్గి, పరధ్యానంలో దొర్లే తప్పులు పెరిగాయి. ఇది ఆటకి అనుకూలమా, ప్రతికూలమా? మార్కులు వేసేవాళ్లకి ప్రతికూలం, పిల్లవాడి బుర్రలో ఏం జరుగుతోందో చూడాలనుకునేవాళ్లకి అనుకూలం. నేను రెండో గుంపు మనిషినే. అయినా పరీక్షలో తప్పిన పిల్లవాడి ఇంట్లో ఆ వాదన చెల్లదని తెలుసు.

పలక పక్షానికి మరింత బలమిచ్చేది మన దేశంలోనే జరిగిన పని. ఢిల్లీలో ప్రథమ్ సంస్థ నడిపే బాలబడుల్లో కొన్ని నెలలపాటు అంకెల ఆటలు, ఆకారాల ఆటలు ఆడించి చూశారు. ఎస్తేర్ డఫ్లో, ఎలిజబెత్ స్పెల్కీ తదితరులు చేసిన ఆ అధ్యయనం 2017లో అచ్చయింది. ఏది ఎక్కువ, ఏది తక్కువ అని చూపుతోనే పట్టే నేర్పు పిల్లల్లో పెరిగింది, ఏడాది తర్వాతా నిలిచింది. ఒకటో తరగతిలో చేరాక అంకెలూ గుర్తులూ ఉన్న బడి లెక్కల్లో మాత్రం వాళ్లు మిగతావాళ్లని మించలేదు. ఆట నుంచి పలకకు వంతెన దానంతటదే పడదని ఇంతకంటే తేటగా ఎవరు చెప్పగలరు?

లెక్కకి కథ తొడగడం మనకి కొత్తేం కాదు. తొమ్మిదో శతాబ్దంలో మహావీరాచార్యుడు రాసిన గణితసారసంగ్రహాన్ని పావులూరి మల్లన పదకొండో శతాబ్దంలోనే తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. 1150 నాటి లీలావతిలో భాస్కరాచార్యుడి తుమ్మెదల గుంపు ఉంది. ఐదో వంతు ఒక పువ్వు మీద, మూడో వంతు ఇంకో పువ్వు మీద, ఆ రెంటి తేడాకి మూడు రెట్లు మరో చోట, ఒక్కటి మాత్రం గాలిలో తిరుగుతుంది. మొత్తం పదిహేను. ఆ గ్రంథాల్ని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఒకటి మరిచిపోతారు. లీలావతిలో ముందు సూత్రం వస్తుంది, తర్వాతే తుమ్మెదలు. విద్యార్థి చేతికి పనిముట్టు ఇచ్చాకే కథలోకి పంపుతారు. ఇప్పటి ఆట పద్ధతి ఈ వరసని తిరగేస్తోంది. అలా తిరగేసినప్పుడు, ఆటయ్యాక సూత్రం చెప్పే పూచీ ఎవరో ఒకరు తీసుకోవాలి. చాలా తరగతుల్లో ఆట అయ్యేసరికి గంట కొడతారు.

మన బడుల్లో ఇంకో చిక్కు కూడా ఉంది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లోకి తెలుగు, ఇంగ్లీషు ఎదురెదురు పేజీల్లో ఉండే పుస్తకాలు వచ్చాయి. తెలంగాణలో 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మీడియం మొదలైంది. లెక్క చదివి అర్థం చేసుకోవడమే రెండింతల పని అయినచోట, అదే లెక్కని ఇంటి భాషలో ఆడి చూసే అవకాశం పిల్లలకు నిజంగా పెద్ద సాయం. ఆట పక్షపు వాదనల్లో నాకు అన్నిటికంటే బలంగా తోచేది ఇదే. ఒకే టీచరు రెండు మూడు తరగతుల్ని చూసుకునే బడిలో ఏడు విస్తళ్లు పరిచి, ఉండలు పంచి, మళ్లీ ఏరి పెట్టడం ఎంత పనో కూడా అంతే నిజం. ఎంచుకునే కథ విషయంలోనూ జాగ్రత్త కావాలి. పిజ్జా ముక్కలు, సూపర్‌మార్కెట్ ట్రాలీ ఎరగని పిల్లలకి అవి ఇంకో పరాయి పాఠం. వారపు సంతలో అమ్మ పక్కన కూర్చుని చిల్లర ఇచ్చే పిల్లకి దుకాణం ఆట పెడితే, టీచరుకే పాఠం చెబుతుంది.

ఇన్ని చూశాక నా మొగ్గు ఆట వైపే, కానీ అన్ని ఆటల వైపూ కాదు. అంతరిక్ష నౌక ఎక్కించి, ప్రతి గ్రహం దగ్గరా ఆపి, ఈ కూడిక చేస్తేనే ముందుకి పోనిస్తా అనే ఆటలు ఇప్పుడు యాప్‌లలో కుప్పలుగా ఉన్నాయి. అక్కడ లెక్క టోల్‌గేటు. కట్టేసి పోతారు, గుర్తుంచుకోరు. చందమామలో భేతాళ కథలు చదివినవాళ్లకి ఇంకో పద్ధతి తెలుసు. భేతాళుడి ప్రశ్న కథలోంచే పుడుతుంది, ఆ కథని వదిలితే ఆ ప్రశ్నకి అర్థమే ఉండదు. లెక్కల ఆటకి నేను పెట్టే పరీక్ష అదొక్కటే. లడ్డూల వాటా తేలకపోతే శిష్యులు కొట్టుకుంటారు కాబట్టి అక్కడ భాగహారం కథకే కావాలి. రాక్షసుడి బొమ్మ పక్కన 42 − 15 అని రాసి ఉంటే ఆ రాక్షసుడు వట్టి అలంకారం.

అలా నిలబడే ఆటనైనా మెల్లగా విప్పుకుంటూ రావాలి. మొదటిరోజు ఉండలు, తర్వాత పలక మీద సున్నాలు, ఆ తర్వాత ఏడు ఆర్లు అని ఒక్క ముక్క. ఉండలకి బదులు పెన్సిళ్లు, గోళీలు, బస్సులో మనుషులు వచ్చినా ముక్క అదేనని పిల్లలే కనిపెట్టాలి, లేదా టీచరు చెప్పెయ్యాలి. చెప్పెయ్యడం తప్పేమీ కాదు. వేషాలంటే సిగ్గుపడి, నేరుగా అంకెలిస్తే హాయిగా చేసుకునే పిల్లలూ ప్రతి తరగతిలో ఉంటారు. వాళ్లని విందుకి లాక్కురానక్కర్లేదు.

ఆట పనిచేసిందో లేదో తెలుసుకోవడానికి పిల్లలకి లెక్క ఇవ్వడం కంటే లెక్క అడగడం మేలు. 63 ÷ 9 కి ఒక కథ చెప్పమనండి. ఒకరు 63 మంది పెళ్లివారిని తొమ్మిది ఆటోల్లో ఎక్కిస్తారు, ఆటోకి ఏడుగురంటే పోలీసు పట్టుకుంటాడని ఇంకొకరు గొడవ పెట్టుకుంటారు. వాళ్ల గురించి బెంగ అక్కర్లేదు. 63 మామిడిపళ్లు కొని తొమ్మిది తినేశాను, ఎన్ని మిగిలాయి అనే పిల్లవాడు కూడా ఉంటాడు. కథ చక్కగా కుదిరింది, కానీ అది తీసివేత. వాడికి రేపు ఇంకో విందు పెట్టాలో, తొమ్మిదో ఎక్కం దగ్గర కూర్చోబెట్టాలో ఆ మామిడిపళ్లని చూశాకే తేల్చుకోవచ్చు.