హంతకుడెవరు?

అపరాధ పరిశోధక కథలనిన విద్యార్థులకు మక్కువ యెక్కువ. పెద్దలు వానిని నిషేధింపవలెనందురు. పిన్నలు పాఠ్యపుస్తకముల చాటున చదువుదురు. ఈ వివాదమున మా అభిప్రాయ మొక్కటే. కథలో హత్య యున్నదా యని కాదు, ఆ హత్యకు హేతువును కథ చూపినదా యని విచారింపవలెను.

1971లో ఇటలీ దేశమున మారియో బావా దర్శకత్వమున వెలువడిన 'రెయాత్సియోనే ఎ కాతేనా' యను చలనచిత్రము ఇందులకు నిదర్శనము. గొలుసుకట్టు ప్రతిక్రియ యని దాని భావము. ఆ దేశమున ఇట్టి కథలను 'జాల్లో' యందురు, అనగా పసుపుపచ్చ. 1929 నుండి మొందదోరి సంస్థ పసుపుపచ్చని అట్టలతో అపరాధ నవలలను ప్రకటించుటచే ఆ పేరు స్థిరపడినది.

నీటి యొడ్డున నొక విశాలమైన ఎస్టేటు. దాని యజమానురాలు చక్రముల కుర్చీకి పరిమితమైన వృద్ధురాలు. ఆమెను భర్తయే ఉరివేసి చంపును. మరుక్షణమే అతడును హతుడగును. పిదప ఆ భూమిపై కన్నువేసినవారు ఒకరినొకరు తుదముట్టించుకొందురు. హతులు 13 మంది. ఇతర కథలలో అనుమానితులు పలువురు, హంతకు డొక్కడు. ఇచట హంతకులే పలువురు. వారి నందరిని నడిపించినది భూమిపై పేరాస.

ఇందలి రక్తపాతము బాలబాలికలు చూడదగినది కాదని మేమును అంగీకరింతుము. తరువాత అమెరికాలో వచ్చిన అనేక చిత్రములు ఆ రక్తపాతమునే అనుకరించి, అందలి విమర్శను విడిచిపెట్టినవి. అది మాకు విచారకరము.

కాని కథాంతమును పెద్దలు యోచింపవలెను. అందరిని కడతేర్చి ఆస్తి దక్కెనని సంతసించు దంపతులను వారి కన్నబిడ్డలే తుపాకితో కాల్చుదురు. పగచే కాదు, ఆటగా! తలిదండ్రులు చచ్చినట్లు చక్కగా నటించుచున్నారని తలచి, ఆ పసివారు నవ్వుచు నీటివైపు పరుగిడుదురు. వారికి హత్య నేర్పినది ఏ నవలయు కాదు.

గట్టు తగాదాలు, దాయాదుల వ్యాజ్యములు ఎరుగని ఊరు కలదా? పిల్లలు ఆ మాటలను అరుగుమీద కూర్చుండి వినుచునే యుందురు. కావున పెద్దలకు మా విన్నపము: మా చేతిలోని పుస్తకమును పరీక్షింపుడు, తప్పులేదు, దానితోపాటు మా యెదుట మీరాడు మాటలను గూడ పరీక్షించుకొనుడు. మేము రెంటిని చదువుచున్నాము.