బాకీ ఎవరిది?

జీతగాడు దొర గడప దాటి బయటపడ్డాడు. "నా మనిషి పోయాడు, నష్టం కట్టు" అని దొర పంచాయితీ పెడితే ఎట్లుంటది? హైతీ దేశంలో సరిగ్గా ఇదే జరిగింది.

ఆఫ్రికా నుంచి పట్టుకొచ్చిన నల్లవాళ్లు అక్కడ ఫ్రెంచి దొరల చెరకు తోటల్లో బానిసలు. 1791లో తిరగబడ్డారు. 1804లో స్వతంత్రులయ్యారు. 1825లో ఫ్రాన్సు రాజు యుద్ధనౌకలు పంపి, తోటలు పోయిన దొరలకు 15 కోట్ల ఫ్రాంకులు కట్టమన్నాడు. ఆ నష్టం లెక్కలో బానిసల ఖరీదు కూడా ఉంది! అంటే తమను తామే కొనుక్కోవాలన్నమాట. మొదటి వాయిదాకే ఫ్రెంచి బ్యాంకుల్లో అప్పు చేయాల్సి వచ్చింది. 1838లో 9 కోట్లకు తగ్గించారు. అయినా అప్పుమీద అప్పు తీరేసరికి 1947 వచ్చింది. భారమంతా కాఫీ పండించే పేదరైతు మీదనే. బడికీ, దవాఖానకూ మిగిలిందేముంది?

2003లో హైతీ అధ్యక్షుడు అరిస్టిడ్ ఆ సొమ్ము వాపసు అడిగాడు. ఫ్రాన్సు ఇవ్వలేదు. 2025లో చరిత్రకారుల కమిషన్ వేస్తామన్నది. కమిషన్లు మనకు కొత్తా?

పేద దేశాలు సోమరివి, అందుకే అప్పులపాలైనాయంటారు. మన వాడను చూసీ అదే మాటంటారు. అన్నలారా, అక్కలారా! అప్పెంత అని కాదు, ఆ పత్రం రాసిందెవరు, ఎవరి చెమట మీద రాశారని అడగండి. అప్పుడు తేలుతుంది, బాకీ ఎవరిదో.