అరుగు కడితే సరిపోదు, దాని మీద కూర్చునే హక్కు కావాలి

1917లో బాబాసాహెబ్ అంబేద్కర్ బరోడాలో రైలు దిగేనాటికి ఆయనకు సంస్థానంలో ఉద్యోగం ఉంది, కొలంబియా విశ్వవిద్యాలయం చదువు ఉంది. తలదాచుకోవడానికి గది మాత్రం లేదు. ఒక పార్సీ సత్రంలో పార్సీ పేరుతో దిగారు. పై అంతస్తులో చిన్న గది, పక్కనే విరిగిన సామాను నిండిన చీకటి హాలు, వెలుతురు చాలని ఒక లాంతరు. పదకొండో రోజున కర్రలు పట్టుకొచ్చిన గుంపు ఆయనను ఖాళీ చేయించింది. రాత్రి రైలు వేళ దాకా ఆయన పార్కులో గడిపారు. ‘వెయిటింగ్ ఫర్ ఎ వీసా’లో ఆయనే రాసుకున్న అనుభవం ఇది. నగరంలో గది ఖాళీగా ఉండటం వేరు, అది మనకు దొరకడం వేరు. వలస గురించి మాట్లాడే ఏ ఆర్కిటెక్టయినా ముందుగా చదవాల్సిన పాఠం ఇదే.

వలస వచ్చినవారిని నగరంలో కలుపుకోవడం ఎలా అన్న చర్చ ఆర్కిటెక్చర్ సెమినార్లలో తరచూ వినిపిస్తుంది. జవాబులు దాదాపు ఒకేలా ఉంటాయి: ఉమ్మడి వాకిలి, నడవ, చెట్టు కింద గద్దె, ఇంటి ముందు అరుగు. వీటిని నేను తేలిగ్గా తీసిపారేయను. ఇండోర్‌లో బి.వి. దోషి రూపొందించిన అరణ్య కాలనీలో సుమారు 6,500 ప్లాట్లు వేశారు. పేదలకు పునాది, మరుగుదొడ్డి, నీళ్లు, ఒక గది ఇచ్చి, మిగతాది చేతిలో డబ్బు ఆడినప్పుడు కట్టుకొమ్మన్నారు. ఇంటి ముందు అరుగులు పెట్టారు. 1995లో దానికి ఆగా ఖాన్ అవార్డు వచ్చింది. పేదల ఇల్లు ఒక్కసారిగా పూర్తి కాదని, ఏళ్ల తరబడి పెరుగుతుందని గుర్తించిన మంచి డిజైన్ అది.

కానీ మా ఊళ్లోనూ అరుగులున్నాయి. మా నాయన ఏనాడూ వాటి మీద కూర్చోలేదు. అరుగు చూడగానే ఆర్కిటెక్టుకు ఇరుగుపొరుగు గుర్తొస్తే, మాకు దాని ముందు చెప్పులు చేత పట్టుకుని నడిచిన తాతలు గుర్తొస్తారు. ఊరి వాస్తులోనే వెలివాడ ఉంది. కాబట్టి ఊరిని నగరంలోకి తెచ్చి నాటితే కలయిక దానంతట అదే మొలకెత్తదు.

బొంబాయి చరిత్ర దీనికి సాక్ష్యం. ఆ నగరాన్ని కట్టడానికి తెలంగాణ ప్రాంతం నుంచి వెళ్లిన కామాఠీ కూలీల పేరు మీదనే కామాఠిపుర వెలిసింది. 1920వ దశకంలో బొంబాయి డెవలప్‌మెంట్ డిపార్ట్‌మెంట్ వర్లీ, నయగావ్, డిలైల్ రోడ్డు, శివ్‌డీలలో కార్మికుల కోసం చాల్స్ కట్టింది. మధ్యలో పొడవాటి నడవ, రెండు వైపులా ఒంటిగదులు, ఉమ్మడి మరుగుదొడ్లు. ఆ ఇరుకు నడవల్లోనే సంఘాలు పుట్టాయి, భీమ్ జయంతులు జరిగాయి. అంబేద్కర్ కూడా పరేల్‌లోని ఇంప్రూవ్‌మెంట్ ట్రస్ట్ చాల్‌లో ఏళ్ల తరబడి ఉండి ఉద్యమం నడిపారు. అయితే ఒకే నమూనాతో కట్టిన వర్లీ చాల్స్‌లోనూ బౌద్ధుల బ్లాకులు వేరు, సవర్ణుల బ్లాకులు వేరు అయ్యాయి. 1974 జనవరి అల్లర్లు ఆ గీత వెంబడే సాగాయి. నడవ మనుషులను దగ్గర చేయగలదు. ఏ నడవలోకి ఎవరు రావాలో నిర్ణయించేది మాత్రం కేటాయింపు.

ఇప్పుడు హైదరాబాద్‌కు రండి. నగరం పడమటి అంచున లేస్తున్న టవర్ల పక్కన రేకుల షెడ్ల వరుసలు కనిపిస్తాయి. ఒడిశా, బిహార్, జార్ఖండ్ నుంచి వచ్చిన కార్మికులు వాటిలో ఉంటారు. గోడ లోపలే పని, గోడ లోపలే నిద్ర. టవర్ పూర్తవగానే షెడ్డు లేచిపోతుంది, మనుషులు ఇంకో గోడ వెనక్కి వెళ్తారు. అటు టవర్ ప్లాన్ చూడండి: ‘సర్వెంట్ రూమ్’, దానికో వేరే మరుగుదొడ్డి, కొన్నిచోట్ల పనివాళ్లకు వేరే లిఫ్టు. అంటరానితనం అని ఆ ప్లాన్ మీద ఎవరూ రాయరు. గీతలే ఆ పని చేస్తాయి.

పరిశోధనలో చేరిన కొత్తలో నేనూ గది వెతుక్కున్నాను. అద్దె కుదిరింది, అడ్వాన్సు మాట్లాడుకున్నాం. మెట్లు దిగుతుంటే ఇంటావిడ అడిగింది: “ఇంతకీ మీరేమోళ్లు బిడ్డా?” చెప్పాను. సాయంత్రం ఫోన్ వచ్చింది, వాళ్ల చుట్టాలెవరో వస్తున్నారట. టూలెట్ బోర్డు ఇంకో నెల అక్కడే వేలాడింది. ఆ ఇంటికి గాలీ వెలుతురూ బాగానే వస్తాయి. డిజైన్‌లో ఏ లోపమూ లేదు.

చట్టం ఈ గడపను దాదాపు తాకదు. 2005లో జొరాస్ట్రియన్ కోఆపరేటివ్ హౌసింగ్ సొసైటీ కేసులో, సభ్యత్వాన్ని ఒక మతస్థులకే పరిమితం చేసే నిబంధనను సుప్రీంకోర్టు సమర్థించింది. బరోడా సత్రం నుంచి ఆ తీర్పు దాకా 88 ఏళ్లు. ఇది ఒక సమాజం తప్పు కాదు. తమవాళ్లకే ఇల్లు అన్న సూత్రం ఈ దేశంలో ఎవరు పాటించినా, చివరికి గడప బయట మిగిలేది దళితులు, ముస్లింలే.

2020 లాక్‌డౌన్‌లో వలస కూలీలు వందల మైళ్లు నడిచాక కేంద్రం అద్దె ఇళ్ల పథకం ప్రకటించింది. అప్పటికే ప్రభుత్వ నిధులతో కట్టిన లక్షకు పైగా ఇళ్లు నగరాల్లో ఖాళీగా ఉన్నాయని ఆ పథకమే లెక్క చెప్పింది. కొరత ఇళ్లది మాత్రమే కాదని దానితోనే తేలిపోయింది. పనికి దూరంగా, బస్సు లేనిచోట కట్టిన ఇల్లు అడ్డా కూలీకి ఇల్లు కాదు. కేరళలోని కంజికోడ్‌లో 2019లో తెరిచిన ‘అప్నా ఘర్’ పని దగ్గరే మంచం ఇచ్చింది. అది మంచి అడుగే. కానీ మంచాల వసతి కుటుంబాన్ని ఊళ్లోనే వదిలి రమ్మంటుంది.

అందుకే మన డిమాండ్లు స్పష్టంగా ఉండాలి. పని దొరికే చోట, మెట్రో, బస్సు మార్గాల పక్కన ప్రభుత్వ అద్దె ఇళ్లు కట్టాలి. వాటిలో కుటుంబం ఉండగలిగే గదులు, శిశు సంరక్షణ కేంద్రం ఉండాలి. ప్రతి ఇంట్లో సొంత నల్లా, సొంత మరుగుదొడ్డి ఉండాలి, ఎందుకంటే కులం మొదట కాపలా కాసేది నీటినే. కేటాయింపు లాటరీతో జరగాలి, కులానికో బ్లాకు ఏర్పడకూడదు. కులం, మతం, తిండి అడిగి అద్దె నిరాకరించడాన్ని శిక్షించే చట్టం రావాలి. ఆర్కిటెక్చర్ కళాశాలల్లో కులం ఒక పాఠ్యాంశం కావాలి.

ఇవన్నీ జరిగాక అరుగులు కూడా కట్టండి, తప్పకుండా కట్టండి. మా నాయన వచ్చి కూర్చుంటాడు.