కాపీ ఉంటే చాలదు, కాపీతో పని నడవాలి

మేము చదివింది తమిళ మీడియం, తెలుగు ఇంట్లో నేర్చుకున్నదే. తప్పులుంటే మన్నించి చదవండి.

పోయిన కమిటీ మీటింగులో "సంఘం లెక్కలన్నీ కంప్యూటర్లో ఎక్కించినాము, హార్డ్ డిస్కులో కాపీ కూడా తీసినాము, ఇంక భయం లేదు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టినారు, మేమూ కొట్టినాము. ఇంటికి వచ్చినాక అడిగి తెలుసుకుంటే ఆ హార్డ్ డిస్కు ఉండేది కంప్యూటర్ పక్కన బీరువాలోనే.

2015 డిసెంబర్ చెన్నై వరద గుర్తుంది కదా. మన సభ్యత్వ రిజిస్టరు, దాని జెరాక్సు అప్పుడు ఒకే బీరువాలో ఉండినాయి. రెండూ కలిసే నానిపోయినాయి. మరుసటి ఏడు ఒక సభ్యుడు పోతే, సహాయ నిధి కోసం వచ్చిన ఆయన భార్యను మనమే "చందా కట్టిన రుజువు ఏదమ్మా?" అని అడిగినాము. పదిహేడేళ్లు తప్పకుండా కట్టిన మనిషి ఆయన. ఆమె హోసూరులో కూతురింట్లో పెట్టిన పాత రసీదులు తెచ్చి చూపిస్తేగానీ డబ్బు ఇవ్వలేకపోయినాము. ఆ రోజు మన పరువు నిలిపింది మన జెరాక్సు కాదు, హోసూరులోని రసీదుల కట్ట.

మేము రైల్వే బుకింగులో చేరినప్పుడు కార్బన్ పెట్టి చేత్తో రాసే టికెట్లు ఉండేవి. ఒక ప్రతి ప్రయాణికుడికి, ఒకటి లెక్కల ఆఫీసుకు, ఒకటి స్టేషన్ రికార్డుకు. లెక్కల ఆఫీసు వేరే ఊళ్లో. స్టేషన్లో ఏమైనా అక్కడ లెక్క మిగులుతుంది. కానీ కార్బన్ తిరగేసి పెడితే కింది కాగితం ఖాళీగా ఉంటుంది. పైన చూస్తే అంతా బాగున్నట్టే ఉంటుంది. కింది కాగితం తీసి చూసినవాడికే సంగతి తెలుస్తుంది.

పెద్ద సంస్థల కంప్యూటర్లలోనూ ఇదే కథ. వాళ్ల డేటా ఉండే స్టోరేజిని దగ్గరలో ఒకచోట, దూరంగా ఇంకొకచోట కాపీ చేస్తారు. దగ్గరి చోటికైతే ఒక్కొక్క అక్షరం రెండు వైపులా పడినాకే 'రాసినాను' అంటుంది మెషిను. ఏదీ పోదు. వందల కిలోమీటర్ల దూరానికి అట్లా ప్రతిదానికీ ఆగితే పని నెమ్మదిస్తుంది. అందుకని దూరపు కాపీని కొంచెం వెనకబడనిస్తారు. ఆ వెనకబాటు ఎంతవరకు ఒప్పుకోవచ్చో ముందే తేల్చుకోవాలి.

ఇంత చేసినా చాలదని 2021 ఫిబ్రవరి 24న నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిలో చూసినాము. ముంబైలో అసలు చోటు, అదే ఊళ్లో దగ్గరి కాపీ, చెన్నైలో దూరపు కాపీ, అన్నీ ఉన్నాయి. ముంబైలోని ఆ రెండు చోట్ల మధ్య రెండు టెలికాం కంపెనీల లైన్లు ఉన్నాయి. దారిలో తవ్వకాల వల్ల రెండు కంపెనీల లైన్లూ దెబ్బతిన్నాయని తర్వాత వాళ్లే చెప్పినారు. కాపీకి దారి పోతే అసలు స్టోరేజి తన పని తాను చేసుకుపోవాలి. కానీ అసలుదే అందకుండా పోయింది. ఉదయం 11.40కి ఆగిన వ్యాపారం మధ్యాహ్నం 3.45కి గానీ మొదలవలేదు. చెన్నై చోటికి మారలేదు. మన ఊళ్లో కాపీ సిద్ధంగా ఉండి కూడా దేశమంతా కాచుకొని కూర్చుంది!

తర్వాతి నెలలోనే సెబీ నియమం బిగించింది. ముఖ్యమైన సిస్టం ఆగితే 30 నిమిషాల్లో 'ఇది విపత్తు' అని ప్రకటించాలి, ప్రకటించిన 45 నిమిషాల్లో పని మళ్లీ నడవాలి. 2024 మార్చి 2, మే 18 తేదీల్లో, రెండూ శనివారాలే, మార్కెట్లు ప్రత్యేకంగా తెరిచి కొంతసేపు రెండో చోటి నుంచే నిజమైన వ్యాపారం నడిపి చూసినారు. కింది కాగితం తీసి చూడడమంటే అదే.

"మనది చిన్న సంఘం, ఇదంతా మనకెందుకు?" అని కొందరు అంటారు. స్టాక్ ఎక్స్ఛేంజికి నిమిషాల లెక్క కావాలి, మనకు అక్కర్లేదు. ఒక వారం ఆలస్యమైనా ఓర్చుకుంటాము. కానీ ఒక విధవరాలి చందా లెక్క పోతే దాన్ని ఎక్కడి నుంచి తెస్తాము? "గూగుల్ డ్రైవ్‌లో ఉంది కదా" అనే తమ్ముళ్లకు ఒక మాట. పాస్‌వర్డ్ ఒక్కరి దగ్గరే ఉంటే అది కాపీ కాదు, తాళం పోయిన పెట్టె. పైగా ఇక్కడ పొరపాటున ఒక పేరు చెరిపితే అక్కడా చెరిగిపోతుంది. అద్దంలో బొమ్మ మాదిరి కాపీ తప్పును కూడా నమ్మకంగా కాపీ చేస్తుంది. అందుకని నెలనెలా విడిగా తీసి, మార్చకుండా పక్కన పెట్టిన పాత ప్రతి కూడా కావాలి.

సర్వసభ్య సమావేశానికి మేము పెట్టేది మూడు కోరికలే. ఒకటి, నెలకొక ప్రతి మన కోయంబత్తూరు సభ్యుల దగ్గరికి పోవాలి. రెండు, పాస్‌వర్డు కార్యదర్శితో పాటు ఇంకో ఇద్దరికి తెలియాలి, "ఇక ఆ ప్రతితో నడపండి" అని చెప్పే అధికారం ఎవరిదో మినిట్స్‌లో రాయాలి. మూడు, ఏడాదికొకసారి ఇక్కడి కంప్యూటర్ ముట్టకుండా కోయంబత్తూరు ప్రతి నుంచే పది మంది సభ్యుల చందా లెక్క తీసి చూపించాలి. తీయలేకపోతే మన దగ్గర కాపీ లేనట్టే.

దీనికి ఖర్చు ఒక హార్డ్ డిస్కు, ఒక ఆదివారం. చప్పట్లు ఆ ఆదివారం సాయంత్రం కొడదాము. మీ అభిప్రాయం తప్పక రాయండి.