కట్టడం ఒక ఎత్తు, నిలపడం ఒక ఎత్తు

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఉన్న ఇంటిని పడగొట్టి అదే స్థలంలో మరొకటి కట్టడం ఎంత కష్టమో వారు వేరుగా చెప్పలేదు. చెప్పనవసరం లేదనుకొని ఉంటారు. వయసు మళ్ళిన ఈతకొలను విషయం ఇంటికన్నా చిక్కైనది. పైకి కనిపించేది నీలపు పలకలు, తేటనీరు. అసలు వయసంతా నేలలోని గొట్టాలలోను, గోడలోని ఉక్కులోను దాగి ఉంటుంది. 1980 ప్రాంతంలో కట్టిన కొలనులకు ఇప్పుడు నలభై ఏళ్ళు దాటాయి. వీటిని బాగుచేయించాలా, తీసివేసి కొత్తవి కట్టాలా అన్న ప్రశ్న ఏ టౌన్‌షిప్పులోనైనా సివిల్ విభాగం బల్ల మీదికి నేడో రేపో రాక తప్పదు. ఈ నెల మన శీర్షికకు అదే విషయం.

ఉదాహరణకు మేము దూరం వెళ్ళనక్కరలేదు. మేమున్న ఢిల్లీలోనే తాల్‌కటోరా ఉంది. తాల్ అంటే చెరువు, కటోరా అంటే గిన్నె. 1737లో ఢిల్లీ మీదికి వచ్చిన పీష్వా బాజీరావు సేనలు విడిది చేసింది ఇక్కడే. కాలక్రమాన చెరువు పోయి పేరు మిగిలింది. 1982 ఏషియాడ్‌కు అక్కడే ఈతల పోటీల కొలను వెలసింది. 2010 అక్టోబరులో జరిగిన కామన్వెల్త్ క్రీడల కోసం ఆ పాత కట్టడాన్ని తొలగించి, కేంద్ర ప్రజాపనుల శాఖ ఆధ్వర్యంలో పైకప్పు గల కొత్త ప్రాంగణాన్ని నిర్మించారు. డాక్టర్ శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరు పెట్టిన ఆ ప్రాంగణంలో పోటీలకు ఒకటి, డైవింగుకు ఒకటి, సాధనకు ఒకటి, వెరసి మూడు కొలనులు. సుమారు 5,000 మంది ప్రేక్షకులకు ఆసనాలు.

ఇరవై ఎనిమిదేళ్ళు కాంక్రీటుకు ముదిమి కాదు. అక్కడ ముహూర్తం పెట్టింది క్రీడోత్సవపు తేదీ. మన కాలనీలలో అటువంటి తేదీ ఏదీ ఉండదు. కనుక తీరికగా ఆలోచించే అవకాశం మనకుంది. ఆ అవకాశాన్ని ఎలా వినియోగించుకోవాలన్నదే ప్రశ్న.

మొదట రోగనిర్ణయం. 50 మీటర్ల పొడవు, 25 మీటర్ల వెడల్పు గల కొలను ఉపరితలం 1,250 చదరపు మీటర్లు. నీటిమట్టం ఒక సెంటీమీటరు తగ్గితే 12,500 లీటర్లు పోయినట్లు. ఇందులో ఆవిరి ఎంత, కారుడు ఎంత? తెలుసుకోవడానికి ఖరీదైన పరికరం అక్కరలేదు. ఒక బకెట్టులో కొలను నీరే నింపి, మెట్టు మీద సగం మునిగేటట్లు నిలిపి, లోపలి మట్టాన్ని, బయటి మట్టాన్ని గుర్తించాలి. పంపులు ఆపి ఒక దినం గడిచాక చూస్తే, బకెట్టులో తగ్గినది ఆవిరి. కొలనులో అంతకు మించి తగ్గినది కారుడు. తరువాత కాంక్రీటు నుంచి నమూనాలు కోసి తీసి బలాన్ని, క్లోరైడు ఎంత లోతుకు చొరబడిందో పరీక్షించాలి. తొట్టి గట్టిగానే ఉండి, పాతిన గొట్టాలో, కూడళ్ళలోని పూతలో చెడితే, వాటిని మార్చడంతోనే సరిపోవచ్చు. తొట్టిలోని ఉక్కే తుప్పు పట్టి ఉంటే పైపూతలు దండుగ.

పరీక్షల కోసం కొలనును ఖాళీ చేసేముందు ఒక హెచ్చరిక. భూగర్భజలం కొలను అడుగుకన్నా ఒక మీటరు పైన ఉంటే, అది ప్రతి చదరపు మీటరును ఒక టన్ను బలంతో పైకి నెడుతుంది. 30 సెంటీమీటర్ల మందం గల కాంక్రీటు పలక బరువు ముప్పాతిక టన్ను మాత్రమే. నిండిన కొలను నిశ్చింతగా కూర్చుంటుంది. ఖాళీ కొలను పడవ వలె తేలడానికి చూస్తుంది. యమున పల్లపు నేలలలోనైనా, మన డెల్టా ఊళ్ళలోనైనా వానకాలం వెళ్ళగానే ఈ పనికి పూనుకోవడం క్షేమం కాదు.

పైకప్పు ఉన్న కొలనులకు మరొక గండం ఉంది. స్విట్జర్లాండులోని ఊస్టర్ పట్టణంలో 1972లో తెరిచిన ఈతశాల లోకప్పు 1985 మే 9న కూలి 12 మంది మరణించారు. కప్పును వేలాడదీసిన కడ్డీలు స్టెయిన్‌లెస్ స్టీలువే. క్లోరిన్ కలిసిన తేమగాలికి అవి లోలోపల పగిలిపోయాయి. తుప్పు పట్టదని పేరున్న లోహం పదమూడేళ్ళకే ప్రాణాలు తీసింది. కంటికి కనిపించే గోడకన్నా కనిపించని కడ్డీని ముందు చూడాలన్నది అక్కడి పాఠం.

కొత్తది తప్పదని తేలితే, అది ఎవరి కోసం? లండన్ వారు 2012 ఒలింపిక్స్‌కు కట్టిన ఈతశాలలో 17,500 మంది కూర్చున్నారు. అయితే ఆసనాలలో అధికభాగం ఇరుపక్కల తాత్కాలికంగా అమర్చినవి. ఉత్సవం ముగియగానే వాటిని విప్పి, సుమారు 2,500 మాత్రం ఉంచి, 2014 మార్చిలో సామాన్యులకు తెరిచారు. ఉత్సవానికి ముందే ఉత్సవానంతర దినాన్ని గీతలలో పెట్టుకోవడం అంటే అదే. ఢిల్లీలో 2010 క్రీడలకు సిద్ధమైన స్టేడియాలను సామాన్యులకు తెరిచే పథకాన్ని క్రీడా ప్రాధికార సంస్థ 2011లో ప్రకటించింది. మంచిదే, కాని ఆ ఆలోచన నక్షాతోపాటే పుట్టాలి. ఏడాదికొక పోటీకి గ్యాలరీ కట్టేకన్నా, నిత్యం వచ్చే పిల్లలకు లోతు తక్కువ గల నేర్పుకొలను కట్టడం మేలని మా అభిప్రాయం. మరొకటి. 2010లో తాల్‌కటోరా నీళ్ళలోనే ప్రశాంత కర్మాకర్ వికలాంగుల 50 మీటర్ల ఈతలో కంచు పతకం గెలిచాడు. కామన్వెల్త్ క్రీడలలో ఈతలో మన దేశానికి అదే తొలి పతకం. చక్రాల కుర్చీ నీటి అంచుదాకా వెళ్ళే వాలుబాట, నీటిలోకి దింపే ఏర్పాటు ఆ పతకాన్ని తలచుకొని అయినా మొదటి నక్షాలోనే ఉండాలి.

ఇక నీరు, విద్యుత్తు. రెండు మీటర్ల లోతున పెద్ద కొలను 25 లక్షల లీటర్లు పడుతుంది. వేసవిలో కుళాయికోసం క్యూలు కట్టే నగరంలో ఇది చిన్న మాట కాదు. అయితే నీరు మారేది కాదు, వడపోతలో తిరిగేది. ఆరు గంటలకొకసారి మొత్తం నీరు వడపోత దాటాలంటే గంటకు నాలుగు లక్షల లీటర్లకు పైగా పంపు చేయాలి. ఆ ఖర్చు ఏడాది పొడవునా ఉంటుంది. పైకప్పు వేస్తే ఢిల్లీ చలికాలంలోనూ ఈత సాగుతుంది. దానితోపాటు నీటిని వేడి చేసే ఖర్చు, గాలిలోని తేమను తీసే ఖర్చు వచ్చి చేరతాయి. ఈ లెక్క అంచనా వ్యయం పక్కనే, అంతే పెద్ద అక్షరాలలో కనిపించాలి.

అన్నిటికన్నా మరుగున పడేది నిర్మాణకాలం. కొలను మూడేళ్ళు మూతపడితే, ఎనిమిదేళ్ళ పిల్లవాడు ఈత రాకుండానే పదకొండో ఏట అడుగుపెడతాడు. వేసవి వచ్చిందంటే యమునలోను, కాలువలలోను దిగి ప్రాణాలు పోగొట్టుకున్న బాలుర వార్తలు మనం చదువుతూనే ఉన్నాము. బడి వయసు పిల్లలకు ఈత నేర్పడం మునక మరణాలను నివారించే మార్గాలలో ఒకటని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది. కనుక స్థలముంటే కొత్తది తెరిచాకే పాతది మూయాలి. లేకుంటే ఇరుగుపొరుగు సంస్థల కొలనులో మన పిల్లలకు వేళలు ముందే కుదుర్చుకోవాలి. ఇది దయాధర్మం కాదు, ప్రణాళికలో భాగం.

మన పూర్వులు తటాక నిర్మాణాన్ని సప్తసంతానాలలో ఒకటిగా ఎంచారు. అంతటితో ఆగలేదు. చెరువు తవ్వినవారికీ, దానిని బాగుచేస్తూ ఉండేవారికీ దశబంధం పేరిట మాన్యాలు ఇచ్చారు. సంతానమన్న తరువాత కనడమే కాదు, పెంచడం కూడా ఉంటుందని వారికి తెలుసు. కొత్త కొలనుకు శంకుస్థాపన జరిగే నాటికే దాని దశబంధం కూడా ఫైలులో చేరాలి: ఏటా ఎంత ఖర్చు, ఆ సొమ్ము ఏ పద్దు నుంచి, బాధ్యత ఏ విభాగానిది. ఆ ఒక్క పుట లేని ఫైలు తమ ముందుకు వస్తే, సంతకానికి ముందు దానిని అడిగి తెప్పించుకోవలసిందని సోదర ఇంజనీర్లకు మా మనవి.