నిప్పురవ్వకు ముహూర్తం

యంత్రానికి ముహూర్తమేమిటని ఎవరైనా నవ్వవచ్చు. కాని పడవ వెనుక బిగించే పాతకాలపు పందెపు మోటార్లను తిరిగి బ్రతికించే వారిని అడిగితే, వారు నవ్వరు. ముహూర్తం తప్పితే ఏమవుతుందో, చిల్లు పడిన పిస్టన్‌ను బల్ల మీద పెట్టి చూపిస్తారు. వారు చూసే ముహూర్తం సిలిండరులో నిప్పురవ్వ రాలవలసిన క్షణం. దానిని గడియలలో, విఘడియలలో కాక, చక్రం తిరిగే డిగ్రీలలో లెక్కిస్తారు.

అమెరికాలోని మిల్వాకీ నగరంలో ఓలే ఎవిన్‌రూడ్ 1909లో అవుట్‌బోర్డ్ మోటార్లు అమ్మడం మొదలుపెట్టాడు. తెడ్డు వేసే శ్రమ తప్పించడానికి పుట్టిన ఈ సాధనం, మనుషుల స్వభావం కొద్దీ, త్వరలోనే పందేలకు ఎక్కింది. అదే విస్కాన్సిన్ రాష్ట్రంలో కార్ల్ కీక్‌హేఫర్ 1939లో స్థాపించిన మెర్క్యురీ సంస్థ 1950లలో పందేల కోసమే ప్రత్యేకంగా మోటార్లు చేసింది. వాటిలో మార్క్ 20హెచ్ అనేది రెండు సిలిండర్లది. మొత్తం ఘనపరిమాణం సుమారు 325 సి.సి. ఆరు సిలిండర్ల మార్క్ 75హెచ్‌తో హ్యూబర్ట్ ఎంట్రాప్ 1958లో సియాటిల్ వద్ద లేక్ వాషింగ్టన్ మీద గంటకు 107 మైళ్ళు దాటిన వేగంతో పడవ నడిపాడు. ఆనాటి మోటార్లను నేటికీ కొందరు కాపాడుతూ, వాటితో సరస్సుల మీద పందేలు నడుపుతున్నారు. చిక్కేమిటంటే, వాటి భాగాలు ఇప్పుడు తయారు కావు. ఆనాటి మెర్క్యురీలలో సిలిండర్లూ వాటి తలలూ ఒకే పోత. తల చెడితే తల మార్చుకుందామనే వీలు కూడా లేదు.

నిప్పురవ్వ పిస్టన్ పై అంచుకు చేరిన క్షణంలో కాక అంతకు ముందే ఎందుకు రాలాలి? ఇంధనం మిశ్రమం ఒక్కసారిగా పేలదు. ప్లగ్ వద్ద అంటుకున్న మంట గది అంతటా ప్రాకడానికి కొంత కాలం పడుతుంది. నిమిషానికి 6,000 చుట్లు తిరిగే ఇంజనులో ఒక చుట్టుకు పట్టేది సెకనులో నూరవ వంతు. అంటే సెకనులో వెయ్యోవంతు గడిచేసరికి క్రాంక్‌షాఫ్ట్ 36 డిగ్రీలు తిరిగిపోతుంది. పొయ్యి మీద ఎసరు ముందుగా పెట్టినట్లు, మంటను కూడా ముందుగా అంటించి, పిస్టన్ పై అంచు దాటి కొంచెం దిగేసరికి ఒత్తిడి పూర్తి స్థాయికి వచ్చేలా చూడాలి. ఈ ముందుచూపుకే ‘అడ్వాన్స్’ అని పేరు.

ఆ అంకె పాత కరపత్రంలో ఉంటుంది కదా, చూసి బిగించవచ్చునని తోచవచ్చు. మార్పులు చేయని మోటారుకు అది చెల్లుతుంది. మార్చిన మోటారుకు ఆ అంకె పాత చిరునామా వంటిది. ఆనాటి పిస్టన్ తల మీద వచ్చే గాలిని పైకి మళ్ళించడానికి ఒక గట్టు ఉండేది. ఆ గట్టు వల్ల దహనగది వంకరగా, మంట నడిచే దారి పొడుగ్గా ఉండేవి. అడ్వాన్స్ ఎక్కువ కావలసి వచ్చేది. జర్మనీలో 1920లలో ష్నుర్లే రూపొందించిన లూప్ పద్ధతిలో గట్టు ఉండదు. గది గుండ్రంగా, పొందికగా ఉంటుంది, ప్లగ్ నడిమధ్యకు వస్తుంది. ఇల్లినాయ్‌లోని క్విన్సీ పట్టణంలో 1960లలో తయారైన ప్రసిద్ధ పందెపు మోటార్లు ఈ పద్ధతివే. ఇటువంటి గదిలో మంట త్వరగా ముగుస్తుంది గనుక నిప్పురవ్వ కొంత ఆలస్యంగా రాలినా చాలు. కంప్రెషన్ పెంచినా అంతే. తగిన కొలతల ఎగ్జాస్ట్ గొట్టాలు అమర్చి సిలిండరు బాగా నిండేలా చేసినా అంతే. ఇన్ని మార్పులు చేసి అడ్వాన్స్‌ను మాత్రం పాత అంకె మీదే వదిలేయడం సాహసం కాదు, అజాగ్రత్త.

ముహూర్తం మరీ ముందైతే పిస్టన్ ఇంకా పైకి వస్తుండగానే మంట దానిని ఎదిరిస్తుంది. ఒత్తిడి, వేడిమి మితిమీరి, ఇంకా కాలని మిశ్రమం తనంత తానే ఒక్కసారిగా పేలుతుంది. అల్యూమినియం 660 డిగ్రీల సెల్సియస్ వద్ద కరుగుతుంది; మండే వాయువు వేడిమి 2,000 డిగ్రీలు దాటుతుంది. అయినా పిస్టన్ నిలుస్తున్నదంటే దాని ఉపరితలాన్ని అంటిపెట్టుకున్న పలుచని వాయుపొరే కారణం. ఆ పేలుడు ఈ పొరను చెదరగొడుతుంది. లోహం అంచుల వద్ద తినివేసినట్లు అవుతుంది, ఒక్కొక్కసారి నడుమ చిల్లు పడుతుంది. మోటారు కారులో ఈ పేలుడు టకటకమని వినిపించి హెచ్చరిస్తుంది. పందెపు పడవలో ఎగ్జాస్ట్ హోరులో ఏదీ వినిపించదు. నడిపేవాడు పడవలో మోకాళ్ళ మీద కూర్చుని ఉంటాడు. పూర్తి వేగంలో మోటారు పట్టేస్తే ప్రొపెల్లరు హఠాత్తుగా ఆగుతుంది, అతను మాత్రం ఆగడు. ఇక త్రాడు లాగి మోటారును నడిపించేటప్పుడు రవ్వ మరీ ముందు రాలితే ఫ్లైవీల్ వెనక్కు తన్ని త్రాడుతోపాటు చేతినీ లాగుతుంది. అందుకే మాగ్నెటో పళ్ళెం త్రిప్పే మీటను మొదలుపెట్టేటప్పుడు వెనక్కు ఉంచి, మోటారు అందుకున్నాక ముందుకు జరుపుతారు.

అసలు పనిలో మొదటి మెట్టు పిస్టన్ ఎప్పుడు పై అంచున ఉన్నదో తెలుసుకోవడం. ఇది తేలికగా కనిపించి మోసం చేసే పని. స్ట్రోక్ 54 మి.మీ., కనెక్టింగ్ రాడ్ 100 మి.మీ. అనుకుంటే, పై అంచుకు రెండు డిగ్రీల దూరంలో పిస్టన్ దిగేది 0.02 మి.మీ. మాత్రమే. అక్కడ కంటినీ వ్రేలినీ నమ్మి ప్రయోజనం లేదు. కనుక ప్లగ్ రంధ్రంలో ఒక అడ్డుమర బిగించి, క్రాంక్‌షాఫ్ట్ కొనకు డిగ్రీల చక్రం తగిలిస్తారు. పిస్టన్ అడ్డుమరను తాకేదాకా మెల్లగా ఒకవైపు, తిరిగి తాకేదాకా రెండవవైపు త్రిప్పి, రెండు అంకెల నడిమి బిందువును తీసుకుంటారు. ప్లగ్ రంధ్రం ఏటవాలుగా ఉన్నా, పిస్టన్ తల మీద గట్టు ఉన్నా ఈ పద్ధతి తప్పదు. సూది కొలబద్దను ప్లగ్ రంధ్రంలో దింపి మిల్లీమీటర్లను నేరుగా నమ్మేవారికి ఆ వాలు, ఆ గట్టు తప్పుడు లెక్క చెబుతాయి. పై కొలతల ఇంజనులోనే 30 డిగ్రీల ముందు పిస్టన్ 4.5 మి.మీ. దిగువన ఉంటుంది. అక్కడ ఒక్క డిగ్రీకి తేడా దాదాపు 0.3 మి.మీ.

తరువాత కాంటాక్ట్ పాయింట్లు. మాగ్నెటోలో పాయింట్లు విడివడిన క్షణమే రవ్వ పుట్టే క్షణం. దానిని పట్టుకోవడానికి బ్యాటరీ దీపం కట్టేవారు ఒక సంగతి మరవకూడదు: మాగ్నెటో కాయిల్ తీగను విడదీయకపోతే విద్యుత్తు కాయిల్ గుండా పోతూనే ఉండి, పాయింట్లు తెరుచుకున్నా దీపం ఆరదు. పలుచని సెలఫేన్ ముక్కను పాయింట్ల నడుమ పెట్టి మెల్లగా లాగుతూ అది వదులైన చోటును గుర్తించడం పాత పద్ధతి; ఓపిక ఉంటే అదీ మంచిదే. పాయింట్ల సందు పెంచితే అవి ముందుగా తెరుచుకుంటాయి, అడ్వాన్స్ పెరుగుతుంది. కామ్ మీద రాసుకునే దిమ్మ అరిగేకొద్దీ సందు తగ్గి అడ్వాన్స్ వెనుకబడుతుంది. అందుచేత రెండు సిలిండర్లకు రెండు జతల పాయింట్లున్న చోట, సందు కొలత రెంటికీ సమానంగా ఉన్నంత మాత్రాన సరిపోదు. డిగ్రీలు సమానం కావాలి. ఒకటి 30 వద్ద, మరొకటి 33 వద్ద పేలుతుంటే, కాలిపోయేది ఏ సిలిండరో ముందే చెప్పవచ్చు. ఫ్లైవీల్‌ను పట్టి ఉంచేది శంఖాకారపు షాఫ్ట్ కొన; అందులోని చిన్న తాళపుముక్క దిశను చూపడానికే. ఆ పట్టు వదులై తాళపుముక్క నలిగితే చేసిన లెక్కలన్నీ గంగపాలు.

ఇంధనానికి కూడా ఇందులో పాత్ర ఉన్నది. పందెగాళ్ళు పలువురు పెట్రోలు బదులు మెథనాల్ వాడతారు. అది ఆవిరయ్యేటప్పుడు వేడిమిని విశేషంగా పీల్చుకుని సిలిండరును చల్లబరుస్తుంది, తనంత తాను పేలడాన్ని ఎదిరిస్తుంది. దానికి పెట్రోలుకంటే రెట్టింపుకు మించిన ఇంధనం పోయాలి. సాధారణ ఖనిజతైలం మెథనాల్‌లో కరగదు. కరిగేది ఆముదం! తెలంగాణ మెట్ట చేలలో పండే ఆముదపు గింజల నూనె పందెపు ఇంజన్లకు పనికి వచ్చిందంటే మనవారికి వింతగా ఉండవచ్చు గాని, క్యాస్ట్రాల్ అనే ప్రసిద్ధ నామమే ఆముదపు ఆంగ్లనామం నుండి వచ్చింది.

చివరి తీర్పు నీటి మీదనే. వెనుకబడిన అడ్వాన్స్‌తో మొదలుపెట్టి, ఒక్కొక్క డిగ్రీ చొప్పున పెంచుతారు. పూర్తి వేగంలో పరుగెత్తించి, అక్కడికక్కడే ఇగ్నిషన్ ఆపి, ప్లగ్ విప్పి చూస్తారు. ప్లగ్ తెల్లని పింగాణి మీద మిరియపు పొడి చల్లినట్లు సన్నని అల్యూమినియం చుక్కలు కనిపిస్తే అది పిస్టన్ నుండి ఊడివచ్చిన లోహం; ఆ రోజుకు పందెం ముగిసినట్లే. చుక్కలు లేకుండా వేగం పెరగడం ఆగిన చోట ఒక డిగ్రీ వెనక్కు తగ్గించి స్థిరపరుస్తారు. మరీ వెనుకబడినా హాయి కాదు: ఆలస్యంగా కాలిన మంట ఎగ్జాస్ట్‌లోకి వేడిగా పోతుంది, గొట్టంలో ధ్వనివేగం పెరిగి, గొట్టం పొట్టిదైనట్లు ప్రవర్తిస్తుంది. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ అమర్చినవారు మరొకటి గమనించాలి. నిలకడగా ఉన్నప్పుడు పెట్టిన అంకె, వేగంగా తిరిగేటప్పుడు పరికరం తడవుతో జారవచ్చు. కాబట్టి పూర్తి వేగంలో మెరుపుదీపంతో గుర్తును చూడక తప్పదు. తెరపి లేకుండా తిరిగే ఫ్లైవీల్ పక్కన దీపం పట్టుకుని నిలబడడం నిజంగా భయం కలిగించే పనే. వదులు చొక్కా చేతులు, వేలాడే తీగలు అక్కడ ఉండరాదు.

అంతా కుదిరాక అనుభవజ్ఞులు కొందరు ఫ్లైవీల్ అంచున కొత్త గీత గీసి, దాని పక్కనే డిగ్రీల అంకె, ఇంధనం పేరు చెక్కుతారు. కార్ఖానా వేసిన పాత గీతను మాత్రం చెరపరు. పెట్రోలు పోసి మళ్ళీ నడపవలసి వస్తే మొదలుపెట్టేది అక్కడి నుండే.